ప్రమాణం చెయ్యని సాక్షి

అంబ్రోస్ థ్వెయిట్‌కి గాడ్‌ఫ్రే భార్య రాస్తున్నది.

"మీరు" అనలేదని అలగకు. మేం క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళం, రాజునైనా నువ్వనే అంటాం.

సాక్ష్యానికి రమ్మని కబురంపావు. తప్పకుండా వస్తాను. మీ నాన్న పోయేముందు "పిండిమర నా పెద్దోడికే" అనడం మంచం పక్కనున్న నేనొక్కదాన్నే విన్నాను. నీ తమ్ముడు కాదంటున్నా, కోర్టులో అదే చెబుతాను. అప్పుడు జడ్జి బైబిలు అందించి ప్రమాణం చెయ్యమంటాడు. నేను చెయ్యను. మాకు అవునంటే అవును, కాదంటే కాదు. దానిమీద ఒట్టు పెట్టడం పాపం. ఒట్టు లేని మాట చెల్లదని ఆయన నన్ను పంపేస్తాడు.

ఇదంతా నీకు తెలియనిదా? ఏ నేరమూ దొరక్క జడ్జి నా భర్తను వదిలేయబోతుంటే, "రాజభక్తి ప్రమాణం చేయించండి దొరా, వీడు చచ్చినా చెయ్యడు" అని నవ్వుతూ మాట అందించింది నువ్వే. నువ్వన్నట్టే గాడ్‌ఫ్రే ప్రమాణం చెయ్యలేదు, అందుకని జైల్లో వేశారు. లాంకస్టర్ జైల్లోనే చచ్చిపోయాడు.

నిన్న నీ భార్య వచ్చి, "ఇది పగ కాదూ?" అని ఏడ్చింది. కాదని చెబుదామనే నోరు తెరిచాను. కానీ మేం అబద్ధమాడం.