ఇంట్లో ఎవరూ లేరన్న మీటరు

కరెంటు ఆఫీసు వారికి,

నమస్కారం. నేను దర్జీని. చెప్పుల దుకాణం పక్కన మెట్లెక్కితే వచ్చే రెండు గదులూ నావే. మూడు నెలల కిందట మీవాళ్ళు వచ్చి పాత మీటరు పీకేసి స్మార్ట్ మీటరు బిగించారు. "ఇకమీద రీడింగుకి ఎవరూ రారు తాతా, అంతా ఇదే చెప్పేస్తుంది" అన్నారు. చెప్పేస్తుందంటే ఏదో లెక్క చెబుతుంది అనుకున్నాను గానీ, నా మీద లేనిపోనివి చెబుతుందనుకోలేదు.

నిన్న మీ మనిషి నోటీసు తెచ్చాడు. "ఈ ఇంట్లో ఎవరూ నివసించడం లేదని మీటరు సమాచారం ద్వారా తేలినందున నెల రోజుల్లో కనెక్షన్ తొలగించబడును" అని ఉంది. తలుపు తీసింది నేనే. కళ్ళజోడు పెట్టుకుని చదివిందీ నేనే. ఆ మనిషికి మంచినీళ్ళిచ్చిందీ నేనే. మరి లేనిదెవరు? దయచేసి మీ మీటరుకి నచ్చజెప్పండి.

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న దర్జీ

తా.క.: "అందుకున్నవారి సంతకం" అన్నచోట సంతకం పెట్టి ఇచ్చాను. లేనివాడు అంత గుండ్రంగా పెట్టగలడేమో మీరే చూసుకోండి.


దర్జీ గారికి,

మీ ఉత్తరం అందినది. కొత్త ఏర్పాటులో మీటరు పావుగంటకోసారి మీ వాడకాన్ని మా కంప్యూటరుకి పంపుతుంది. ఏ వీధికి ఎప్పుడు ఎంత కరెంటు కావాలో ముందే తెలిస్తే కోతలు తగ్గుతాయని ఉద్దేశం. ఆ వాడకం తెర మీద గీతగా కనిపిస్తుంది. మనుషులున్న ఇంటి గీత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైకి లేస్తుంది. మీ గీత లేవడం లేదు. అలాంటి ఇంటిని కంప్యూటరు ఖాళీ ఇల్లుగా రాసుకుంటుంది. ఖాళీ ఇళ్ళ లైన్లు తీసేయాలని పైవాళ్ళ ఆదేశం.

పాత రికార్డు ప్రకారం రెండేళ్ళ కిందట మీ వాడకం ఒక్కసారిగా పడిపోయింది. కారణం రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
పరిశీలన విభాగం అధికారి

తా.క.: సంతకం చూశాను. గుండ్రంగానే ఉంది. కానీ కంప్యూటరు సంతకాలు చదవదు.


పరిశీలన సార్ గారికి,

కారణం అడిగారు. కారణం మా ఆవిడ. రెండేళ్ళ కిందట పోయింది.

ఆవిడ ఉన్నప్పుడు ఫ్రిజ్జు తిరిగేది, మిక్సీ తిరిగేది, టీవీ మోగేది. ఇప్పుడు మూడూ మూల కూర్చున్నాయి. ఒక్కడికి వండుకుంటే ఫ్రిజ్జులో పెట్టడానికి ఏం మిగులుతుంది? నా కుట్టుమిషను కాళ్ళతో తొక్కేది. ఇస్త్రీపెట్టె బొగ్గులది. కిటికీ వెలుగులో కుడతాను, వెలుగు పోతే పడుకుంటాను. మాట్లాడే మనిషి లేని ఇంట్లో దీపం దండగ సార్.

అయినా గీత లేవాలన్నారు గనక లేపుతున్నాను. ఫ్రిజ్జు ఆన్ చేశాను. లోపల పెట్టడానికేమీ లేక దారం రీళ్ళు పెట్టాను. టీవీ పెట్టి, దానికి వీపు చేసి కుట్టుకుంటున్నాను. అందులో ఎవరో ఇద్దరు పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నారు. ఇంట్లో మనుషులున్నట్టే ఉంది.

ఇట్లు,
దర్జీ

తా.క.: పావుగంటకోసారి చూస్తారని తెలియక మంగళవారం పట్టపగలు లైటు వేశాను. సూది పడిపోతే వెతుక్కుంటున్నాను. ఇంకోలా అనుకోకండి.


దర్జీ గారికి,

మీ గీత లేచింది. మరీ లేచింది. అదే ఇబ్బందైంది. ఖాళీ ఇల్లని రాసుకున్నచోట హఠాత్తుగా వాడకం కనబడేసరికి, ఎవరో దూరి దొంగ కరెంటు వాడుతున్నారని కంప్యూటరు తేల్చింది. దీంతోపాటు ఇంకో నోటీసు వస్తోంది. అది మీకు కాదు, మీ ఇంట్లో దూరినవాడికి. దయచేసి అతనికి అందజేయండి.

ఇందువల్ల లైను తొలగించే తేదీ కూడా ముందుకు జరిగింది. వచ్చే నెల కాదు, పై గురువారమే.

ఇట్లు,
పరిశీలన విభాగం అధికారి

తా.క.: ఇంకోలా అనుకోలేదు. సూది దొరికిందా?

ఇంకో తా.క.: నేను సార్‌ని కాదు. ఆడమనిషిని.


అమ్మా,

తప్పైపోయింది. ఆఫీసు భాష చూసి మగవారనుకున్నాను.

దూరినవాడికి నోటీసు అందజేశాను. తెల్లమొహం వేశాడు. నాకూ వాడికీ ఒకటే కళ్ళజోడు కావడంతో ఇద్దరం ఒక్కసారే చదువుకున్నాం. ఎప్పుడు ఖాళీ చేస్తావురా అంటే, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఎక్కడికి పొమ్మంటావు అని నన్నే అడుగుతున్నాడు.

నవ్వులకేం గానీ, ఒక మాట చెబుతాను. కరెంటు పోతే పోనీ, ఎలాగోలా బతుకుతాను. నన్ను లేనివాడిగా మాత్రం రాసుకోకండి. కొత్త బట్టలన్నీ కొట్లోనే కుట్టి దొరుకుతున్నాయి, నా మెట్లెక్కేవాళ్ళు లేరు. రోజుల తరబడి నా గొంతు నాకే వినిపించదు. మీ పుస్తకంలోంచి కూడా కొట్టేస్తే ఇక నేనెక్కడున్నట్టు? ఒక్క మనిషిని పంపండి. కళ్ళారా చూసి, ఉన్నాడు అని రాసుకోమనండి.

ఇట్లు,
దర్జీ, మరియు దూరినవాడు

తా.క.: సూది దొరికింది. అరికాలికి.


దర్జీ బాబాయి గారికి,

ఇళ్ళకెళ్ళి చూడడం రద్దయింది. మీటరే చూస్తుంది గనక మనిషి చూడనక్కర్లేదట. నేను ఇరవై రెండేళ్ళు కౌంటర్లో పనిచేశాను. జనం కిటికీలో తల పెట్టి మరీ తిట్టేవాళ్ళు. ఇప్పుడు మూడో అంతస్తులో ఒక తెర, నేను. తిట్టే దిక్కు కూడా లేదు.

వెతగ్గా వెతగ్గా పాత రూలు ఒకటి దొరికింది. అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించవచ్చట. పైవాళ్ళ అనుమతి అడిగాను. ఎప్పుడొస్తుందో తెలియదు.

ఈలోగా పరిశీలన నిమిత్తం కొన్ని వివరాలు కావాలి. ఈ వారం ఏం కుట్టారు? ఏ రంగు దారం? కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? ఉత్తరం పొడుగైనా పర్వాలేదు.

ఇట్లు,
పరిశీలన అధికారి

తా.క.: కాలికి మందు రాశారా? ఇది కూడా పరిశీలన కిందికే వస్తుంది.


అమ్మాయీ,

ఒక లారీ డ్రైవరు చొక్కాకి చిరిగిన కాలరు విప్పి, తిరగేసి కుట్టాను. నీలం దారం. ఫ్రిజ్జులోంచి తీశానేమో చల్లగా ఉంది. కిటికీలోంచి ఎదురింటి గోడ, మీ కరెంటు స్తంభం కనిపిస్తాయి. స్తంభం మీద ఒక కాకి వాలుతుంది. అది నావైపు చూస్తుంది గానీ దాని సాక్ష్యం మీ కంప్యూటరు తీసుకోదు కదా.

గురువారం ముంచుకొస్తోంది. మీ పైవాళ్ళు ఎప్పుడు ఊ అంటారో ఏమో. అందుకని రేపు బుధవారం నేనే బయల్దేరి వస్తున్నాను. నీ ఎదురుగా నిలబడతాను. చూసి రాసుకో తల్లీ.

ఇట్లు,
బాబాయి

తా.క.: మెడలో టేపు ఉంటుంది. కాస్త కుంటుతుంటాను. మందు రాశాను.


బాబాయి గారికి,

మీ ఉత్తరం ఇవాళ, గురువారం, అందింది. నిన్న నేను ఆఫీసులో లేను. మీ ఇంటి ముందున్నాను.

సెలవు పెట్టి వచ్చి, మెట్లెక్కి తలుపు కొట్టాను. తాళం. లోపల టీవీలో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. గీత పడిపోకుండా టీవీ వదిలేసి వెళ్ళారని ఇప్పుడర్థమైంది. మెట్ల మీద గంటన్నర కూర్చున్నాను. సాయంత్రం ఆఫీసుకొస్తే వాచ్‌మన్ చెప్పాడు, మెడలో టేపుతో ఒక పెద్దాయన వచ్చి మూడింటి దాకా నా కుర్చీ ఎదురుగా నిలబడ్డాడని. "ఆ సీట్లో ఎవరూ ఉండరండీ, అన్నీ మిషన్లే చూసుకుంటాయి" అని తనే పంపించేశాడట. ఈ సీటుకి మారిన నాలుగు నెలలుగా నేను రోజూ అతని ముందునుంచే లోపలికెళుతున్నాను.

బాబాయి గారూ, మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే మీ నంబరు పక్కన "ఉన్నారు" అని నొక్కితే సరిపోయేది. ఆ అధికారం నాకుంది. నొక్కితే ఫైలు మూసుకుపోతుంది, మీరు మళ్ళీ రాయరు. అందుకే నొక్కలేదు. దూరినవాడి నోటీసు ఆపగలిగీ ఆపలేదు. అనుమతి అన్నది కూడా అబద్ధం, నేనెవర్నీ అడగలేదు. మీ ఉత్తరాలు తప్ప ఈ అంతస్తుకి మనిషి రాసిన కాగితం ఒక్కటి రాదు. కానీ మీరు లేరని రాసి ఉన్న ఒక్కో రోజూ మీకెలా గడిచిందో మీ తాళం ముందు కూర్చుంటే తెలిసింది. కాలు నొప్పితో మిమ్మల్ని ఇంత దూరం నడిపించాను. క్షమించమని ఏ మొహంతో అడగను?

నిన్న సాయంత్రమే నొక్కాను. తాళం వేసిన ఇల్లు చూసొచ్చి "ఉన్నారు" అని రాసిన అధికారిని బహుశా నేనొక్కదాన్నే. మీ కరెంటు ఇక ఎవరూ తియ్యరు. ఫ్రిజ్జు ఆపేసుకోండి.

ఇట్లు,
మూడో అంతస్తులో ఉన్న మనిషి

తా.క.: ఈ ఉత్తరానికి ఫైలు నంబరు లేదు, గడువు లేదు. మీరు జవాబు రాయకపోతే, ఎందుకు రాయలేదని అడగడానికి నా దగ్గర ఏ రూలూ లేదు.