ఎనిమిదో బిడ్డ

సోడా వెల్స్, మొహావీ ఎడారి
1911 మే 16

ఏమండీ,

గనిలో మీకు ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తాను. ఇక్కడ నేనూ, చిన్నదీ ఉన్నాం. మన పెద్దది లెట్టీ పోయిందని మీకొచ్చిన ఉత్తరం టీచరమ్మ రాసిపెట్టింది. ఇది నా చేతిదే. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి. బడి నుంచి వచ్చి లెట్టీ నేర్పినంతే నాకు వచ్చు.

మీరు అడిగినవి చెబుతాను. నీళ్ళ పీపాలు వారానికి రెండు వస్తున్నాయి. మేకలు బతికే ఉన్నాయి. రైలు పట్టాల పాత దుంగలతో మీరు కట్టిన బడి గోడలు గాలికి కదల్లేదు. పిల్లలు గుడారంలో ఇసుక తింటూ చదివిన రోజులు పోయాయి. కప్పు రేకు ఒకటి లేచిపోతే బడి పెద్ద హార్లన్ గారు బిగించారు.

జ్వరం ఏ రోజు వచ్చిందని అడిగారు. టీచరమ్మ చేత శనివారం అని రాయించాను. గురువారమే వచ్చింది.

శుక్రవారం జిల్లా నుంచి తనిఖీ ఆయన వచ్చే రోజు. ఎనిమిది మంది పిల్లల్లో ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు. మనకు సరిగ్గా ఎనిమిది మందే.

"అమ్మా, కళ్ళు తెరవలేకపోతున్నానే" అంది లెట్టీ.

"తెరవక్కర్లేదు. బెంచీ మీద కనబడితే చాలు" అన్నాను.

వీపు మీద మోసుకెళ్ళాను. దాని ఒళ్ళు నా గౌనులోంచి కాలింది. దానికి రాత్రి నిద్రలేదని టీచరమ్మకు చెప్పాను. ఆ వచ్చినాయన బండి కూడా దిగలేదు. కిటికీలోంచి వేలితో ఎనిమిది మందినీ లెక్కపెట్టుకుని, ఎండగా ఉందని వెళ్ళిపోయాడు.

ఆదివారం లెట్టీ పోయింది.

మూడోనాడు హార్లన్ గారు ఉడికించిన చిక్కుడు గింజలు కుండతో తెచ్చారు. కుండ బల్ల మీద పెట్టి టోపీ తీశారు.

"చెల్లెమ్మా, బడిలో ఇప్పుడు ఏడుగురే ఉన్నారు. నెలాఖరుకి ఆయన ఇంకోసారి వస్తాడట. నీ చిన్నదానికి ఆరేళ్ళని బడి పుస్తకంలో రాసుకోనా?"

నెల్‌కి నాలుగు నిండలేదని ఆయనకు తెలుసు. దాని కాన్పు చేసింది ఆయన భార్యే.

ఆ కుండ ఆయన మొహాన కొడదామనుకున్నాను. కానీ బడి మూసేస్తే నేను లెట్టీని దేనికి మోసుకెళ్ళినట్టు?

రాసుకోమన్నాను.

లెట్టీ గౌనే నెల్‌కి తొడుగుతున్నాను. అంచు మడవలేదు. బెంచీ మీద కూచుంటే కాళ్ళు నేలకు అందవు, గౌను కప్పేస్తుంది.

ఇవాళ పొద్దున అది రెండుసార్లు దగ్గింది. బడికి పంపాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
ఆర్డెల్