అన్న కారు, దావీదు షెడ్డు

1962 ఫిబ్రవరి 4
కారు మళ్లీ నిలిచిపోయింది, కోట ఊరు దాటినాక. ఎద్దులు కట్టి ఇంటికి లాగించినాము. నీలం పొగ. ఆయిలు నీళ్లు తాగినట్టు తాగతా ఉంది. రెండు సీట్ల రేసు బండి. అన్న కొనేనాటికే మద్రాసు దొర దాన్ని అరగదోలి ఉన్నాడు, మిగిలింది అన్న అరగదోలినాడు. ఇంజను మొత్తం విప్పి కట్టాలి. ఎవరిని నమ్మి ఇచ్చేది?

ఫిబ్రవరి 9
పురోహితం అయ్యవారు వచ్చినాడు. అన్న సముద్రంలో ఈతకు దిగి రెండేళ్లు దాటె, మనిషి దొరకలేదు, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించెయ్యమంటాడు. ఊఁ అన్నా.
వదిన లోపల్నుంచి — "ముందు ఆయన కారు బాగు చేయించు రమణయ్యా. ఆ తర్వాత చూస్తాం."
ఇంకా బొట్టు పెట్టుకుంటూనే ఉంది.

ఫిబ్రవరి 20
నెల్లూరు. పెద్ద వర్క్‌షాపు — బోర్డు, ఫోను, కుర్చీలు. ఇంజను నా ముందరే విప్పినారు. వాళ్లు టీకి పోయినప్పుడు పాత పిస్టన్ రింగుల మీద మేకుతో సన్నగా గీసి పెట్టినా. ఎందుకో... వాళ్ల మర్యాద ఎక్కువైనట్టు అనిపించింది.

మార్చి 3
వర్క్‌షాపు వాళ్లు బండి అప్పజెప్పినారు — "అన్నీ కొత్తవే సార్." ఇల్లు చేరకముందే పొగ.

మార్చి 11
పెన్న ఒడ్డున దావీదు మేస్త్రీ షెడ్డు. బోర్డు లేదు. లారీ డ్రైవర్లు చెప్పినారు. ముసలాయన, మాట తక్కువ. బండి వదిలిపెట్టి వచ్చినా.

మార్చి 13
దావీదు రింగులు తీసి చేతిలో పెట్టినాడు. నా గీతలు అట్లనే ఉండాయి. దొంగ వెధవలు!
తర్వాత — "మూడో పిస్టన్ పగిలింది సార్, నేను విప్పకముందే తెలుసు."
"ఎట్ల?"
"నిన్న మీ అన్నగారు చెప్పిపోయినారు కదా."
అన్న సంగతి ఆయనకు నేను చెప్పలేదు.

మార్చి 18
అన్న ఫొటో తీసకపోయినా. దావీదు తుడుచుకున్న చేత్తో పట్టుకుని చూసినాడు. "ఈయనే. ఇప్పుడు చిక్కిపోయినారు. జుట్టు పెరిగింది."
"ఏం మాట్లాడతాడు?"
"పని గురించే. లోపలికి రారు, గుమ్మంలో నిలబడతారు."
ఎవరైనా నాటకం ఆడిస్తున్నారా? ఆడిస్తే ఎవరికి ఏం లాభం? వదినకు చెప్పలేదు. చెప్పను.

మార్చి 25
పొద్దు వాలేదాకా షెడ్డులోనే కూర్చున్నా. దావీదు బేరింగు తుడస్తా తుడస్తా తల ఎత్తినాడు, గుమ్మం వైపు.
"అట్లనే సార్."
చూసినా. రోడ్డు, దుమ్ము, దూరంగా గడ్డి బండి. అంతే. దావీదు ఇంకా వింటూనే ఉన్నాడు. తల ఊపినాడు. మళ్లీ పనిలో పడినాడు.
"ఏమన్నాడు?"
"కొత్త పిస్టన్లు ఒదిగేదాకా తొందర పడొద్దని తమ్ముడికి చెప్పమన్నారు."
అన్న నన్నెప్పుడూ తమ్ముడూ అనలేదు. ఒరే అనేవాడు. అది తలుచుకుని కొంచెం ధైర్యం... కొంచెం ఏడుపు.

ఏప్రిల్ 6
బండి తెచ్చుకునే రోజు. వదిన తానూ వస్తానని బస్సెక్కింది. కాదనలేకపోయినా.
దావీదు పాత సామాను అంతా గోతంలో కట్టి ఇచ్చినాడు, పగిలిన పిస్టన్‌తో సహా. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు. ఇంత నిజాయితీ మనిషిని నేను చూడలేదు. అదే నా భయం. అన్నీ నిజం చెప్పేవాడు ఆ ఒక్కటే అబద్ధం ఎందుకు చెబుతాడు?
వదిన ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. నేను పక్కనే ఉన్నా.
ఇంటి దారిలో వాకాడు రోడ్డెక్కి కొంచెం వేగం పెంచినా. వదిన కళ్లు మూసుకుని — "తొందర పడొద్దంట."
"ఎవరన్నారు వదినా?"
"ఇప్పుడే అన్నారు గదా. నీకు వినపడలా?"
మిగతా దారంతా మెల్లగానే తోలినా.

ఏప్రిల్ 7
అయ్యవారు మనిషిని పంపినాడు — అమావాస్యకు కర్మ పెట్టుకుందామా, వద్దా? మనిషి భోంచేసే వచ్చినాడంట, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల వదిన మూడు విస్తళ్లు వేసి అన్నం వడ్డిస్తా ఉంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.
నన్ను రమ్మని పిలిచింది.
కాళ్లు కడుక్కుని పోయి కూర్చున్నా — నడిమి విస్తరి వదిలి.