ఉడకబెట్టని గూళ్ళు

ఏప్రిల్ 23, మంగళవారం

ఏంజెలిన్ పెళ్ళి మే 11న, వేమగల్ దగ్గర మునివెంకటమ్మ అనే రైతమ్మ మామిడితోటలో. రస్టిక్ థీమ్ అట. నాతోపాటు ఊరిగాం బంగారు గనుల కంపెనీ క్వార్టర్స్‌లో రేకుల కింద పెరిగిన పిల్ల. బెంగళూరు ఏసీలో కూర్చునేసరికి పల్లెటూళ్ళ మీద ప్రేమ పొంగింది. గోనెగుడ్డ పూలు, పూలబట్ట రిబ్బన్లు, తలకు రింగులు, కోట్లకు గుచ్చే పూలు అన్నీ నేనే కుట్టాలి. నీ చెయ్యి పడితేనే బాగుంటాదే ప్రిన్సీ అని ఫోన్లో గారాలు పోయింది.

కుడతాను. స్కూల్లోనే మాట అనుకున్నాం: ఎవరి పెళ్ళి ముందైతే, రెండోది బ్రైడ్స్‌మెయిడ్‌గా పక్కన నిలబడి పెళ్ళికూతురి తలముసుగు, వెయిల్, పట్టుకోవాలి. ఆ మాట తను ఎత్తలేదు. నేను అడగను. తనే పిలవాలి.

ఏప్రిల్ 27

గోనెసంచులు ఎన్నిసార్లు ఉతికినా ఉల్లిగడ్డల వాసన పోవడం లేదు. బైబిల్లో గోనెపట్ట కట్టుకునేది ఏడవడానికి. ఏంజెలిన్ చదివే బైబిల్ పింటరెస్ట్.

మే 1

బ్రైడ్స్‌మెయిడ్స్ ఫొటోలు పంపింది, తల రింగులు వాళ్ళ గౌన్లకు మ్యాచ్ కావాలని. అందరూ ఆఫీసు స్నేహితురాళ్ళే. నీకు ముందు వరసలో సీటు పెట్టిస్తానే అని కింద ఒక మెసేజ్. సీటు!

మే 4, శనివారం

ఇప్పుడు ప్రతి పువ్వు మధ్యలో మొగ్గలాగా పట్టుగూడు కావాలట. మునివెంకటమ్మ పట్టుపురుగులు కూడా పెంచుతుంది. బస్సెక్కి వెళ్ళాను. చిల్లుపడిన ఖాళీ గూళ్ళు ఊరికే ఇస్తానంది. ఫొటో పంపితే ఏంజెలిన్ వీడియో కాల్‌లో ముఖం చిట్లించింది. నిండుగా, గుండ్రంగా ఉండాలట. అప్పుడే విడిపించిన మంచి గూళ్ళు తెచ్చాను. మునివెంకటమ్మ గడప దాకా వచ్చి చెప్పింది: ఇవి పచ్చిగూళ్ళమ్మా, లోపల పురుగు బతికే ఉండాది, ఇంటికి పోతానే ఆవిరి పట్టియ్యి, లేకుంటే వారానికంతా రెక్కలొచ్చి గూడు తూటు చేసుకోని బయటికొస్తాది అని.

ఆవిరి పట్టి పురుగుల్ని చంపాలని ఏంజెలిన్‌తో ఫోన్లో అన్నాను. అయ్యో, నా పెళ్ళికి అవి చావాల్నా, నో క్రుయల్టీ, అట్లే కుట్టేయ్ అంది. పెళ్ళి భోజనం మటన్ బిర్యానీ. చంపకపోతే ఏమవుతుందని తను అడగలేదు. జవాబు నా నోటిదాకా వచ్చింది. ముందు వరస సీటు గుర్తొచ్చి మింగేశాను.

మే 8

కుట్టడం అయింది. బాగా వచ్చాయి. పాడుగా కుట్టడం నాకు చేతకాదు, అదే నా ఖర్మ.

మే 10, ఉదయం

డబ్బాలు కారులో వెళ్ళిపోయాయి. ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. చేయలేదు.

మే 11

పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు లియో కోటులో ఉడికిపోతున్నాడు. బ్రైడ్స్‌మెయిడ్స్ తల వంచుకుని భక్తి నటిస్తున్నారు. ఒకతె చెవి మీద గూడు లోపలినుంచి తడిసింది. తెల్లటి పురుగు తల బయటపెట్టి, రెక్కలు లాక్కుని, ఆమె జుట్టులోకి పాకింది. కేక. ఇంకొకతె తలలోంచి రెండు. అవి ఎగరలేవు, రెక్కలు కొట్టుకుంటూ పాకుతాయి, ఎర్రటి నీళ్ళు విడుస్తాయి. తెల్ల గౌన్ల మీద చారలు. రింగులు పీకి పారేసి, చెప్పులు వదిలేసి కార్లలోకి పరుగెత్తారు. పల్లెటూరి మీద ప్రేమ అంతే. నాకు నవ్వు ఆగలేదు.

తోటవాళ్ళతో వెనక నిలబడిన మునివెంకటమ్మ నవ్వలేదు. నన్నే చూస్తోంది.

ఏంజెలిన్ మాత్రం పరుగెత్తలేదు. నుదుటి మీద పురుగు, కళ్ళు గట్టిగా మూసుకుని అక్కడే నిలబడింది. ప్రిన్సీ, యాడుండావే, రావే అంది.

వెళ్ళాను. ఒక్కో పురుగునూ ఏరి మామిడాకుల మీద వదిలాను. పాస్టర్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఖరుదాకా వెయిల్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. నాకు కావలసిన చోటు అదే. చాలా సంతోషంగా ఉండింది, సిగ్గు లేకుండా.

మే 12

ఏంజెలిన్ ఫోన్. ఆఫీసువాళ్ళు మనుషులే కాదట. నేనొక్కదాన్నే నిజమైన ఫ్రెండ్‌నట. ఏడ్చింది. అవి అట్ల బయటికొస్తాయని నీకు ముందే తెలుసునా అని అడిగింది.

తెలియదన్నాను.

మే 13

మునివెంకటమ్మకు థాంక్స్ చెప్పడానికి తోటకు పోతోందట. నువ్వూ రావే అంది. చీర కట్టుకుని కూర్చున్నాను.