మైకు పట్టిన డ్రైవరు

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ బాగానే ఉన్నాం. "బాగానే" అన్న మాటను నువ్వు వెలుతురుకు పట్టి మరీ చూస్తావని తెలుసు. అయినా అదే రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి ఇద్దరం సంతోషించాం. ఫోన్ చేయకుండా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాశాడని బావ అడిగితే, ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క మాటైనా పూర్తి చేయనివ్వవు కనుక అని చెప్పు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కితే మాత్రం పాత చుట్టంలా పలకరిస్తుంది. వంటగది కప్పు కారడం ఆగలేదు. మేస్త్రీ రెండుసార్లు వచ్చి, పైకి చూసి, తల ఊపి, టీ తాగి వెళ్లాడు. నీ మరదలు ఆ చుక్కల కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్లతో పెరట్లో వంగ మొక్కలు పెంచుతోంది. మేస్త్రీ ఇంకో ఏడాది రాకపోతే మాకు కూరగాయలు కొనే పని తప్పుతుంది. ఇక ఫొటోలో నేను చిక్కిపోయానన్నావు. నేను చిక్కలేదు, నువ్వు చొక్కా వదులుగా కుట్టావు.

చివర్లో, "రొయ్యల షెడ్డు ఇంకా ఉందా, పడగొట్టేశారా?" అని అడిగావు. ఉంది. దాని సంగతి చెప్పాలంటే పోయిన గురువారం సంగతి మొత్తం చెప్పాలి. చేతిలో పని పక్కన పెట్టి చదువు.

పోయిన గురువారం మా నగర దర్శనం బస్సులో ముప్పై ఒక్క మందికి, రెండున్నర గంటలపాటు, ఈ ఊరి కథంతా మైకు పట్టుకుని చెప్పింది ఎవరో కాదు, నీ తమ్ముడే. మళ్లీ చదువుకో. తప్పేమీ రాయలేదు.

"నువ్వు మాట్లాడుతుంటే బస్సు ఎవరు నడిపార్రా?" అని ఈపాటికి అడిగేసి ఉంటావు. చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ఆ పూట స్టీరింగు దగ్గర కొత్తావిడ ఉందని మాత్రం ఇప్పటికి తెలుసుకో. ముప్పై అయిదేళ్ల మనిషి. ఇదివరకు అంబులెన్సు నడిపేది. నన్ను బాబాయ్ అంటుంది. ఎదురొచ్చేవాళ్లు వాళ్లే తప్పుకుంటారన్న నమ్మకం ఇంకా పోలేదు. నేను పక్కన కూర్చుని దారి చూపిస్తూ, "అమ్మా, మన బండిలో అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు, నిదానంగా పోనీ" అంటూ ఉన్నాను.

మా గైడును అందరం టీచరమ్మ అంటాం. పదిహేనేళ్లు బళ్లో పాఠాలు చెప్పి, తొమ్మిదేళ్లుగా మా బస్సులో చెబుతోంది. గురువారం పొద్దున మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. నోటు పుస్తకం తీసి "జలుబు. గొంతు పోయింది" అని రాసి చూపించింది. అప్పటికే జనం ఎక్కి కూర్చున్నారు. ముందు వరసలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గడియారం చూసుకుని, "చెప్పేవాళ్లు లేకపోతే ఇది మామూలు సిటీ బస్సే కదండీ! దీనికోసమా పొద్దున్నే లేచి వచ్చింది?" అన్నాడు. వెనకనుంచి నలుగురు వంత పాడారు.

టీచరమ్మ ఇంకో కాగితం మీద రాసి నా ఒళ్లో పెట్టింది: "మీకు అంతా వచ్చు. మీరే చెప్పండి."

"నాకా? వీపు తిప్పి వినడమే గానీ, ముఖం చూపించి చెప్పడం నాకెక్కడ వచ్చమ్మా?" అన్నాను.

ఆవిడ "మీరే" కింద రెండు గీతలు గీసి, మైకు నా చేతిలో కుక్కింది.

అక్కా, తొమ్మిదేళ్లుగా రోజుకు రెండుసార్లు విన్న మాటలవి. ఆవిడ ఎప్పుడైనా ఒక తేదీ వదిలేస్తే నా కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయేది. అందుకని ధైర్యం చేశాను. గడియార స్తంభం దగ్గర గొంతు వణికింది గానీ ఒక్క అంకె కూడా తప్పలేదు. కస్టమ్స్ భవనం దగ్గరికి వచ్చేసరికి ఊపు వచ్చింది. చిలక పలుకులు కదా, ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టే బయటికొస్తున్నాయి. "చూడండి పిల్లలూ, నేను కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితురాళ్లతో కలిసి ఈ మెట్ల మీదే కూర్చునేదాన్ని" అనేశాను.

టీచరమ్మ తల పట్టుకుంది. టోపీ పెద్దమనిషి, "ఏ కాలేజీ?" అని తీరిగ్గా అడిగాడు.

"అది ఆవిడ కాలేజీ సార్. నాది ఏడో తరగతితో సరి" అన్నాను.

నవ్వులంటే అలాంటిలాంటి నవ్వులు కావు. కొత్త డ్రైవరమ్మ నవ్వు ఆపుకోలేక బండి పక్కకు ఆపింది. నవ్వు తగ్గాక చూస్తే నా గొంతులో వణుకు పోయింది.

రేవు రోడ్డులో ఐసు లారీ ఒకటి చెడిపోయి అడ్డంగా నిలబడింది. అక్కడ పదిహేను నిమిషాలు ఇరుక్కున్నాం. టీచరమ్మ పాఠంలో ఆ రోడ్డు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అది అయిపోయింది. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఇక నాకు తెలిసినవి మొదలుపెట్టాను. క్రేను నడిపే మనిషి పొద్దున పైకెక్కితే సాయంత్రం దాకా దిగడని, అన్నం క్యారేజీ తాడు కట్టి పైకి లాక్కుంటాడని చెప్పాను. సముద్రపు గాలి బస్సు తలుపులను అడుగునుంచి ఎలా తినేస్తుందో, మూడేళ్లకోసారి రేకు ఎందుకు మార్చాలో చెప్పాను. వలలు బాగుచేసే ఆడవాళ్లు కాలి బొటనవేలికి తాడు బిగించి ముడులు వేస్తారని చెబితే, అందరూ కిటికీల్లోంచి వాళ్ల కాళ్లు వెతికారు. టీచరమ్మ నోటు పుస్తకంలో గబగబా రాసుకోవడం నా కంటబడింది. అక్కా, ఆవిడ నేను చెప్పేది రాసుకుంటోంది!

లారీ కదిలింది. మలుపు తిరగ్గానే నీలం తలుపుల షెడ్డు. అది మా దర్శనం పట్టికలో లేదు. ఇరవై నాలుగేళ్లుగా దాని ముందునుంచి నోరు మూసుకునే పోయాను. ఆ రోజు మూసుకోలేకపోయాను.

"ఆ షెడ్డు చూడండి. మా అమ్మానాన్నలు పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు, మా అక్కకు పందొమ్మిది. పదకొండేళ్లు ఆవిడ ఆ షెడ్డులో నిలబడి ఐసు నీళ్లలోంచి రొయ్యలు తీసి వలిచింది. సాయంత్రం ఇంటికొచ్చి నా తల దువ్వితే చేతులు ఇంకా చల్లగా ఉండేవి. ఈ ఊరి రొయ్యలు ఎన్ని దేశాలకు వెళ్లాయో రేపు టీచరమ్మ గొంతు బాగయ్యాక చెబుతుంది. అవి ఎవరి చేతుల మీదుగా వెళ్లాయో నేను చెబుతున్నాను."

నువ్వు ఆ షెడ్డు సంగతి మీ వీధిలో ఎవరితోనూ అనవని నాకు తెలుసు. నేను ముప్పై ఒక్క మందికి చెప్పేశాను. కోపం వస్తే రానీ.

వెనక సీట్లోంచి ఒక ముసలావిడ, "బాబూ, ఆవిడకు చేతుల నొప్పులు తగ్గాయా?" అని అడిగింది. చూశావా, ఆవిడకు ఆ పని తెలుసు.

"చలికాలంలో ఇంకా ఉంటాయమ్మా. అయినా మిషను మానదు. ఈ చొక్కా కుట్టింది ఆవిడే" అన్నాను. ముసలావిడ ముందుకొచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు గట్టిది" అని తేల్చింది. టోపీ పెద్దమనిషి లేచి, "బస్సు ఆపండి, దిగి చూద్దాం" అన్నాడు. అందరూ దిగారు. నీలం తలుపుల ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. షెడ్డు వాచ్‌మన్ ఏదో ప్రమాదం జరిగిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏం లేదన్నా, చూడ్డానికి వచ్చారు" అంటే, "ఇక్కడేముంది చూడ్డానికి?" అని నన్ను ఎగాదిగా చూశాడు.

ఇక మా బస్సు చివరగా ఆగేది దీపస్తంభం దగ్గర. అక్కడికి వెళ్లేలోగా నీకు ఒకటి చెప్పాలి. ఇంతసేపూ తప్పించుకుంటూ వచ్చాను.

నేను ఇక బస్సు నడపను అక్కా. నా ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, ఎడమ పక్కనుంచి వచ్చేది కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నది నిలబడడానికి రోజూ మందు చుక్కలు వేసుకోవాలి. "ఇవాళ్టి నుంచే స్టీరింగు ముట్టుకోవద్దు" అని డాక్టరు చెప్పాడు. నేను సరేనన్నాను. ఇంటికొచ్చి నీ మరదలితో "చుక్కలు రాసిచ్చాడు" అని మాత్రం చెప్పాను. మర్నాడు పొద్దున వెళ్లి ఎప్పటిలాగే బస్సు తీశాను.

పందొమ్మిది రోజులు నడిపాను. తెలిసి నడిపాను. బస్సు లేకపోతే నేనెవరిని అన్న భయం ఒక్కటే నాకు అప్పుడు కనిపించింది. ఇరవయ్యో రోజు చేపల బజారు మలుపులో ఒకతను ఐసు పెట్టెల బండి తోసుకుంటూ ఎడమ పక్కనుంచి వచ్చాడు. నేను చూడలేదు. టీచరమ్మ "ఆపండి!" అని కేక పెట్టింది. బస్సు ఆగేసరికి అతనికీ బస్సుకూ మధ్య జానెడు చోటు ఉంది. "కళ్లు నెత్తికెక్కాయా?" అని అతను తిట్టాడు. ఇన్నేళ్లలో ఆ తిట్టు ఎందరు తిట్టినా నవ్వేసి పోయాను. ఆ రోజు దిగి అతని రెండు చేతులూ పట్టుకున్నాను. అతను బిత్తరపోయి, "పోనీలే, ఏం కాలేదుగా" అని నన్నే ఓదార్చాడు.

లైసెన్సు పరీక్షకు ముందు నువ్వు షెడ్డు పని ముగించుకుని వచ్చి, రోడ్డు నియమాల పుస్తకం నాకు చదివి వినిపించేదానివి. పుస్తకంలో లేనిది కూడా ఒకటి చెప్పావు: "ఎదురొచ్చే ప్రతివాడికీ ఇంటిదగ్గర ఓ అక్క ఉంటుందిరా." ఆ మాట పందొమ్మిది రోజులు మరిచిపోయాను. నీకు చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది ఇందుకే.

ఆ పూటే యజమాని దగ్గరికి వెళ్లి తాళం బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. పెద్దాయన, "ఇరవై నాలుగేళ్లలో బండికి గీత పడనివ్వలేదు. ఇప్పుడిలా దాస్తావా?" అన్నాడు. కొత్తావిడకు మూడు రోజులు దారి చూపించి వెళ్లిపొమ్మన్నాడు. గురువారం ఆ మూడో రోజు. నా చివరి రోజు. నీ మరదలికి చెబితే నాతో మాట్లాడడం మానేసింది. పూటపూటకీ చుక్కలు మాత్రం తనే వేసింది, మాట్లాడకుండానే. నాలుగో రోజు, "తల ఇటు తిప్పండి" అంది. హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు దీపస్తంభం. అందరూ దిగారు. నేను అలవాటుగా గుడ్డ తీసి ముందద్దం తుడవబోయాను. కొత్త డ్రైవరమ్మ నా చేతిలో గుడ్డ లాక్కుంది.

"బాబాయ్, బండి దగ్గర నేనుంటా. మీరు పైకి వెళ్లండి."

"నేనెందుకమ్మా?"

"గైడు మీరే కదా!"

అక్కా, ఎన్ని వేలమందిని ఆ దీపస్తంభం దగ్గర దించానో లెక్కలేదు. డ్రైవరు బస్సు దగ్గరే ఉండాలి. నేను ఒక్కసారీ పైకి ఎక్కలేదు. నూట అరవై ఎనిమిది మెట్లని అంతకుముందే మైకులో చెప్పాను. ఎక్కుతూ లెక్కపెడితే నూట డెబ్బై ఒకటి. టీచరమ్మ తొమ్మిదేళ్లుగా మూడు మెట్లు మింగేసింది. ఆ సంగతి చెబితే, రొప్పుతూనే నోటు పుస్తకం తీసి దిద్దుకుంది.

పైన గాలి చొక్కాను జెండాలా ఆడించింది. కింద ఊరంతా పరుచుకుని ఉంది. రేవూ, క్రేన్లూ, గడియార స్తంభమూ, వాటి మధ్య నేను రోజూ తిరిగిన రోడ్డూ మొదట్నుంచి చివరిదాకా ఒకే చూపులో కనిపించాయి. ఇరవై నాలుగేళ్లూ ఆ రోడ్డును ఒక మలుపు తర్వాత ఒక మలుపుగానే చూశాను. ఇంత అందమైనదని తెలియదు. అవతల సముద్రం. ఎడమ పక్క అందనిది ఉంటే తల తిప్పి చూశాను.

అందరూ నా చుట్టూ మూగారు, ఏదో చెబుతానని. టోపీ పెద్దమనిషి, "చెప్పండి సార్" అన్నాడు. నన్ను సార్ అన్నాడు అక్కా.

"నేను కూడా మొదటిసారే చూస్తున్నాను. కాసేపు చూద్దాం" అన్నాను.

ఎవరూ కదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాం.

మర్నాడు పెద్దాయన పిలిపించాడు. బల్ల మీద టీచరమ్మ రాసిన కాగితాలు నాలుగు ఉన్నాయి. గొంతు లేని మనిషి అంత వాదించగలదని నాకు తెలియదు. "దాచినందుకు నా కోపం పోలేదు, ఇప్పట్లో పోదు కూడా" అన్నాడు పెద్దాయన. మళ్లీ తనే, "రేపట్నుంచి మధ్యాహ్నం ట్రిప్పులో మైకు నీది. ఆ షెడ్డు దగ్గర అయిదు నిమిషాలు ఆపు, పట్టికలో రాయించాను" అన్నాడు. మెడలో వేసుకోవడానికి గైడని రాసి ఉన్న కార్డు ఇచ్చారు. ఇంటికొచ్చాక కూడా తీయలేదు. నీ మరదలు నన్ను చూసి, "పడుకునేటప్పుడైనా తీస్తారా?" అంది.

నీ జవాబు త్వరగా రాయి. ముందు పందొమ్మిది రోజులకూ నన్ను తిట్టు, ఒక్క రోజు కూడా వదలకుండా. ఆ తర్వాత కాగితంలో కాస్త చోటు మిగిలితే, మెచ్చుకో.

ఇట్లు,
నువ్వు పెంచిన
తమ్ముడు