పక్క మంచం మోకాలు

నవంబరు 6, కరీంనగర్

ఆపరేషన్ చేసి కుడి మోకాలు మార్చి రెండు రోజులైంది. పాతది ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి అరిగిపోయింది. కొత్తది ఇంకా నాతో మాట కలపలేదు. నిన్న వాకర్ పట్టించి నిలబెట్టారు. ఈ రోజు తలుపు దాకా నడిపించారు.

పక్క మంచం మీద మల్లక్క. ఆమెదీ కుడి మోకాలే. అదే రోజు, నా తర్వాత. ఊరు కూడా మాదే, గోదావరిఖని. ఇంకా చెప్పాలంటే మా వెనక వీధి. భర్త పోశం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్ళూ వెనక వీధిలో ఉండి, పరిచయం కావడానికి ఇద్దరం కరీంనగర్ ఆసుపత్రికి రావాల్సి వచ్చింది.

డాక్టరుగారు వచ్చినప్పుడు అడిగాను, "ఆవిడ ఎంత దూరం నడిచారండీ?"

"చంద్రమతిగారూ, పక్క మంచం వైపు చూడకండి. ఎవరి మోకాలు వాళ్ళది" అన్నారు.

నిజమే. లెక్కల టీచరుగా బతుకంతా పిల్లలకి ర్యాంకులు వేశాను. ఇక చాలు. తీర్మానం: ఈ మోకాలు కోలుకునే దాకా నన్ను ఎవరితోనూ పోల్చుకోను. రాశాక మనసు తేలికపడింది. ఎంత సులువైన పని.

నవంబరు 7

మల్లక్క బాత్రూము దాకా నడిచింది. ఇది పోలిక కాదు, వార్త.

నవంబరు 9

డిశ్చార్జి. ఒకే ఊరు కదా అని మా ఆయన శ్రీనివాసరావు, పోశం కలిసి ఒకే పెద్ద బండి మాట్లాడారు. చెరో సీట్లో కాళ్ళు చాపుకుని మేమిద్దరం.

పెద్దపల్లి దగ్గర మల్లక్క అడిగింది, "టీచరమ్మా, నొస్తందా?"

"లేదు."

"నాకు గూడ లేదు."

తర్వాతి గుంతకి ఇద్దరం ఒకేసారి అమ్మా అని అరిచాం. మంచి మనిషి. ఈమెతో నాకు పోలికేమిటి అసలు.

నవంబరు 12

ఫిజియోథెరపీ అమ్మాయి సహస్ర వచ్చింది. పొద్దున మా ఇల్లు, తర్వాత మల్లక్క ఇల్లు. పడుకోబెట్టి, మడమని మెల్లగా వెనక్కి జరపమంటుంది. మోకాలు వంగినంత వంగాక ఒక ప్లాస్టిక్ కొలత పెట్టి ఎన్ని డిగ్రీలో చూస్తుంది. అచ్చం మా కోణమానిని లాంటిదే. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. కొలిచే వస్తువు కనబడితే నాకు జబ్బు సగం తగ్గుతుంది.

డెబ్బై వచ్చింది.

"ఆరు వారాలకు చెకప్పుకు పొయ్యేసరికి తొంభై దాటాలె మేడం. దాటకుంటే మల్ల మత్తిచ్చి డాక్టరే వంచుతరు" అంది సహస్ర.

మామూలుగా, కాఫీ తాగుతావా అన్నట్టు అడిగాను, "మల్లక్కకి ఎంత వచ్చింది?"

"గా ముచ్చట నన్ను అడగొద్దు మేడం."

నవంబరు 13

చెప్పకపోవడంలోనే ఉంది అంతా. తక్కువైతే నన్ను సంతోషపెట్టడానికైనా చెప్పేది. అంటే ఎక్కువే. అందులో వింత లేదు. మల్లక్క చిన్నప్పటి నుంచి నాట్లు వేసింది, కలుపు తీసింది. నేను కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దాను. కండలు వేరు.

ఇది కూడా పోలిక కాదు. శరీరశాస్త్రం.

నవంబరు 15

మల్లక్క ఫోను.

"తిన్నవా టీచరమ్మా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్న. నీకు ఎంత వంగుతంది?"

అంటే తనూ చూస్తోందన్నమాట, నా మంచం వైపు. నాకెంత సంతోషం వేసిందో ఇక్కడ రాయకూడదు.

"తొంభై" అన్నాను.

నిన్న సహస్ర కొలిస్తే వచ్చింది డెబ్బై ఐదు. తొంభై నా నోటికి దానంతట అదే వచ్చింది.

"నాది తొంభై అయిదు" అంది మల్లక్క.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకి కిటికీలు అదిరాయి. రోజూ అదిరేవే. ఈ రోజు దానికి మా ఆయన మీద విసుక్కున్నాను.

నవంబరు 18

మా ఆయన్ని వెనక వీధికి పంపించాను. పైకి పని: పోశంతో టీ తాగడం. అసలు పని: మల్లక్క ఎలా నడుస్తోందో చూడటం. రిటైరయిన గని ఇంజినీరు కదా, చూసింది చూసినట్టు చెబుతారని నమ్మాను. చాలాసేపటికి సర్వపిండి పొట్లంతో తిరిగొచ్చారు.

"నడుస్తోందా?"

"లోపల ఉందిట. మేమిద్దరం పాత గని కబుర్లలో పడ్డాం. ఇది తిను, వేడిగా ఉంది."

"మెట్లు ఎక్కుతోందా?"

"ఏమో. డాబా మీద చీర ఆరేసి ఉంది."

డాబా మీద చీర. అంటే మెట్లెక్కి, బరువైన తడి చీర మోసుకెళ్ళి, తీగ మీద వేసి, దిగింది. సర్వపిండి ముక్క పక్కన పెట్టేశాను.

నవంబరు 20

రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆయన బ్యాంకుకి వెళ్ళగానే డాబా మెట్లెక్కాను. ఒక చెయ్యి పిట్టగోడ మీద, రెండో చేతిలో కర్ర. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని సహస్ర చెప్పింది. ఎక్కడం బాగానే అయింది. పైనుంచి వెనక వీధి బాగా కనబడుతుంది. మల్లక్క వాళ్ళ డాబా మీద పోశం చీర తీసి మడత పెడుతున్నాడు. తర్వాత బకెట్లోంచి ఇంకోటి తీసి దులిపి ఆరేశాడు.

ఆ చీరలు ఆరేసేది పోశం.

అది చూసిన కంగారులో దిగేటప్పుడు ఏ కాలు ముందో మర్చిపోయాను. మంచి కాలు వేశాను. బరువంతా కొత్త మోకాలి మీద పడింది, లోపల ఏదో చిరిగినట్టయింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఫోను కింద మంచం మీద.

ఆయన వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒక్కో మెట్టు మీదా కూర్చోబెట్టుకుంటూ దింపారు. ఒక మాట అన్నా బాగుండేది.

నవంబరు 21

మోకాలు బూరెలా పొంగింది. ఎక్స్‌రే తీయించి డాక్టరుగారికి పంపాం. కీలుకి ఏమీ కాలేదు, కండ బెణికిందన్నారు. ఐసు పెట్టాలి. వ్యాయామం కొన్నాళ్ళు బంద్.

"అసలెందుకు ఎక్కినరు మేడం?" అంది సహస్ర.

చీర కోసం అని ఎలా చెప్పను.

నవంబరు 25

వాపు తగ్గింది. కొలత అరవై ఐదు. ముందుకి పోవాల్సింది వెనక్కి వచ్చాను. మత్తిచ్చి వంచుతారన్న మాటే చెవిలో తిరుగుతోంది.

సహస్ర పని అయిపోయినా లేవలేదు.

"మల్లక్క ఎదురుచూస్తుందేమో" అన్నాను.

"పోయి ఏం జెయ్యాలె మేడం. ఆమె వారం సంది మంచం దిగుతలేదు. కాలు ముట్టనిస్తలేదు. అరవై కాడనే ఆగిపోయింది. టీచరమ్మకు తొంభై వచ్చింది, నాకు రాలేదంటే ఇగ రాదు, గింతే నా కత అని గోడ దిక్కు తిరిగి పండుకుంటంది." నా మొహంలోకి చూసింది. "మీకు తొంభై ఎప్పుడొచ్చింది మేడం?"

నేను క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాను. సహస్ర సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మల్లక్క తొంభై ఐదు కూడా నా తొంభై లాంటిదే. కానీ నా అబద్ధం నన్ను డాబా ఎక్కించింది. ఆమెని మంచాన పడేసింది.

నవంబరు 26

వెనక వీధికి ఆటోలో వెళ్ళాను, మా ఆయన్ని తోడు తీసుకుని. గేటు దగ్గర పోశం.

"జర మీరన్న చెప్పున్రి అమ్మా. నా మాట ఇంటలేదు" అన్నాడు. మనిషి వారంలో చిక్కిపోయాడు.

మల్లక్క అటు తిరిగి పడుకుని ఉంది. కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు తొంభై రాలేదు మల్లక్కా. ఆ రోజు డెబ్బై ఐదు. నిన్న అరవై ఐదు."

మల్లక్క మెల్లగా ఇటు తిరిగింది.

"మరి తొంభై అని ఎందుకు జెప్పినవ్?"

"నీకంటే తక్కువైతే బాగుండదని."

"నాకు ఎంతున్నదో నీకెట్ల ఎరుక?"

"తెలియకే చెప్పాను."

"నేను రోజు ఏడ్సిన టీచరమ్మా. ఒక్కతీరు కాళ్ళు, ఒక్కతీరు ఆపరేషను, ఆమెకు అయింది నాకెందుకు అయితలేదని. ఈయనకు ఎంత భారమైతున్ననో అని."

"నీ తొంభై ఐదు విని నేను డాబా ఎక్కి పడ్డాను" అన్నాను. చీరల సంగతీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గుమ్మంలో పోశం తల దించుకున్నాడు.

"లెక్కల టీచరమ్మవు. నువ్వే దొంగ లెక్కలు జెప్తె ఎట్ల?" అంది. కోపం నిజమైన కోపమే. నేను తలూపాను.

తర్వాత చెయ్యి చాపింది. "లేపు నన్ను."

నన్నే ఒకరు లేపాలి. చివరికి పోశం ఆమెని, మా ఆయన నన్ను లేపి మంచం అంచున పక్కపక్కన కూర్చోబెట్టారు. కాళ్ళు వేలాడేసి, మెల్లగా వెనక్కి మడిచాం. మల్లక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. అప్పుడు అరిచిందెవరో నాకు గుర్తు లేదు.

డిసెంబరు 3

ఇప్పుడు సహస్రకి ఒకటే ఇల్లు. ఒక రోజు మా మంచం, ఒక రోజు వాళ్ళ మంచం. మోకాలు వంచినప్పుడల్లా మల్లక్క నాట్లేసేటప్పటి పాట ఎత్తుకుంటుంది. "పాట ఒడిసేదాక కాలు ఇడువద్దు" అని షరతు. ఆమె పాటలకి చరణాలు మరీ ఎక్కువ.

ఎంత వచ్చిందని పోశం అడిగితే ఇద్దరం కలిసి కసిరాం. కొలత సహస్ర తన దగ్గరే ఉంచుకుంటోంది.

డిసెంబరు 16

కరీంనగర్, చెకప్పు. మళ్ళీ ఒకే బండి.

గదిలోకి ఇద్దరం కలిసే వెళ్ళాం. డాక్టరుగారు ముందు నాది కొలిచారు. నూట రెండు. మల్లక్కది నూట ఎనిమిది. మత్తు అక్కర్లేదు, ఇద్దరికీ. మల్లక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను అద్దాలు తుడుచుకున్నాను, అవి శుభ్రంగానే ఉన్నా.

వరండాలోకి వచ్చాక నా చెవి దగ్గర మెల్లగా అంది, "నాకు ఆరు ఎక్కువున్నయ్."

"విన్నాను" అన్నాను.

వారం పాటు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ఆ మాట అంటుంటే నిజంగా సంతోషం వేసింది. చాలావరకు సంతోషమే.

ఇక రోజూ పొద్దున్నే నడవమన్నారు డాక్టరుగారు. మా ఇంటి ముందు బండి ఆగితే మల్లక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. "రేపు ఆరింటికి వస్త టీచరమ్మా. గ్రౌండు దాక పోదాం. తయారుండు."

కాబట్టి మళ్ళీ మొదటి నుంచి. తీర్మానం: రేపటి నుంచి నన్ను ఎవరితోనూ పోల్చుకోను. ఈసారి గట్టిగా. నడకలో ఎవరు ముందున్నా ఒకటే.

ఐదింటికి అలారం పెట్టాను. ఆమె వచ్చేసరికి నేను గేటు బయట నిలబడి ఉండాలి.