దీవిలో నేను బిగించిన అద్దం

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే సింహాచలం మామ పడవలో నీ దీవికి వెళ్ళాను. నువ్వు అన్నేళ్ళు కాపలా కాసిన ఆ మూతపడ్డ హోటల్ అలాగే ఉంది.

నీ పెద్దకర్మకు ముందురోజు అక్కడి హాల్లో పగిలిన కిటికీకి నేనే కొత్త అద్దం బిగించాను. నువ్వు దాన్ని వేయించకపోవడం బద్ధకమని బతికుండగా ఎన్నిసార్లు వెక్కిరించానో నీకు తెలుసు. ఆరోజు పైన ఏవో పిట్టపిల్లలు అరుస్తూనే ఉన్నాయి. తలెత్తి చూడలేదు.

ఈరోజు చూశాను. దూలాల కింద వరసగా వానకోయిలలనే చిన్న పిట్టల గూళ్ళు, వాటిలో ఎండిపోయిన పిల్లలు.

మామ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. “అద్దం నువ్వేసినావేటి? అది మీ నాన్నే పగలగొట్టినాడు రా, పిట్టలు వచ్చిపోవాలని.”

రాయి తీసుకుని పగలగొట్టాను. సాయంత్రం దాకా కూర్చున్నాం. పిట్టలు సముద్రం మీద తిరిగాయి గానీ ఒక్కటీ లోపలికి రాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ నీ ఫొటోకు దండ వేసి, పక్కింటావిడతో అంటోంది: “ఆళ్ళ నాన్న ఎయ్యని అద్దం కూడా నా కొడుకే ఏసినాడు.”

ఆవిడ నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వింది. నేనూ నవ్వాను, నాన్నా.